ఏ ఎక్సెప్షన్‌ను పట్టుకోవాలి, దేన్ని వదిలేయాలి

సెట్టింగ్స్ ఫైల్‌ను చదివి పని మొదలుపెట్టే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఒకటి ఉందనుకుందాం. ఫైల్ ఉంటే అందులోని విలువలు తీసుకోవాలి, లేకపోతే డిఫాల్ట్ విలువలతో నడిచిపోవాలి. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఏదైనా తప్పు జరిగితే పైథాన్ ఇచ్చే సంకేతమే ఎక్సెప్షన్. తప్పు రావచ్చనుకున్న కోడ్‌ను ట్రై కింద, వస్తే ఏం చేయాలో ఎక్సెప్ట్ కింద రాస్తారు. రాసిన మనిషి ఫైల్ తెరవడం, జేసన్‌గా (డేటాను రాసే ఒక పద్ధతి) చదవడం రెండూ ఒకే ట్రై కింద పెట్టి, ఆ తర్వాత ‘ఎక్సెప్ట్ ఎక్సెప్షన్’ అని రాసి, అక్కడ డిఫాల్ట్ విలువలు ఇచ్చేశాడు. ఫైల్ తీసేసి చూశాడు, బాగానే నడిచింది. కొన్ని నెలల తర్వాత ఎవరో ఆ ఫైల్‌లో ఒక విలువ మారుస్తూ ఒక కామా మర్చిపోయారు. ప్రోగ్రామ్ ఆగలేదు. ఎర్రర్ చూపలేదు. లాగ్‌లో ఒక్క ముక్క లేదు. డిఫాల్ట్ విలువలతో నిక్షేపంగా నడుస్తూ పోయింది. సెట్టింగ్ మార్చినా ఏమీ మారడం లేదేంటని తల పట్టుకున్నవాళ్లకు ఎక్కడ వెతకాలో చెప్పే ఆనవాలు మిగల్లేదు.

ఒకే జవాబును నాలుగు వేర్వేరు ప్రశ్నలకు ఇచ్చేయడమే ఇక్కడ జరిగిన పొరపాటు. ఫైల్ లేకపోతే పైథాన్ ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ ఇస్తుంది. ఫైల్ ఉన్నా చదివే అనుమతి లేకపోతే పర్మిషన్‌ఎర్రర్. లోపలి రాత తప్పైతే జేసన్‌డీకోడ్‌ఎర్రర్. ఆ ట్రై కింద వేరియబుల్ పేరులో ఒక అక్షరం తప్పు పడితే నేమ్‌ఎర్రర్. ‘డిఫాల్ట్ వాడు’ అన్న జవాబు మొదటిదానికి మాత్రమే సరిపోతుంది. రెండూ మూడూ వాడేవాళ్లకు తెలియాల్సిన విషయాలు. నాలుగోది శుద్ధ బగ్, దాన్ని దాచిపెట్టడం వల్ల ఎవరికీ లాభం లేదు. ఎక్సెప్ట్ పక్కన ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ అని ఒక్క పేరు రాసి ఉంటే మిగతా మూడూ వాటంతట అవే బయటపడేవి.

ఎక్సెప్షన్‌ను పట్టుకోవడం అంటే ‘ఈ గొడవకు నా దగ్గర జవాబు ఉంది’ అని ఆ లైన్ చెప్పుకోవడం. జవాబు లేనిదాన్ని పట్టుకుంటే, జవాబు ఉన్న పై ఫంక్షన్‌కు కబురు అందకుండా అడ్డం పడినట్టే. ఇది దాదాపు ప్రతి ట్యుటోరియల్‌లోనూ ఉంటుంది. కానీ అక్కడ చెప్పేది సాధారణంగా సరైన క్లాస్ పేరు, అంటే ఎక్సెప్షన్ రకం పేరు, రాయమని మాత్రమే. క్లాస్ పేరు ఏం జరిగిందో చెబుతుంది. ఎక్కడ జరిగిందో, ఎందుకు జరిగిందో చెప్పదు. అసలు చిక్కులన్నీ ఆ రెండింటి దగ్గరే వస్తాయి.

ముందు క్లాసుల సంగతి. ఏ పేరూ లేకుండా ఉత్త ఎక్సెప్ట్ అని రాస్తే పైథాన్‌లో రైజ్ అయ్యే, అంటే ఎక్సెప్షన్‌గా పైకి వచ్చే, ప్రతిదీ అందులో పడుతుంది. కంట్రోల్ సి నొక్కినప్పుడు వచ్చే కీబోర్డ్‌ఇంటరప్ట్, ప్రోగ్రామ్‌ను ముగించమని చెప్పే సిస్టమ్‌ఎగ్జిట్ కూడా. లూప్ లోపల ఇలా రాసిన స్క్రిప్ట్‌ను ఆపడానికి కంట్రోల్ సి ఎన్నిసార్లు నొక్కినా ఆగకపోవడం, చివరికి ప్రాసెస్‌ను కిల్ చేయాల్సి రావడం చాలామందికి అనుభవమే. ఈ తలనొప్పి తగ్గించడానికే 2006లో వచ్చిన పైథాన్ 2.5లో బేస్‌ఎక్సెప్షన్ అనే క్లాస్‌ను అన్నిటికన్నా పైన పెట్టి, ఆ రెండింటినీ ఎక్సెప్షన్ కింది నుంచి తీసి నేరుగా దాని కిందికి మార్చారు. అప్పటి నుంచి ‘ఎక్సెప్ట్ ఎక్సెప్షన్’ అని రాస్తే అవి తప్పించుకుని పైకి పోతాయి. ఒకేసారి చాలా పనులు నడిపే ఎసింక్‌ఐఓ మాడ్యూల్‌లో టాస్క్‌ను రద్దు చేసినప్పుడు వచ్చే క్యాన్సెల్డ్‌ఎర్రర్ కూడా 2019లో, 3.8 వెర్షన్‌లో, ఇదే దారిలో బేస్‌ఎక్సెప్షన్ కిందికి వెళ్లింది. దానికి ముందు, రద్దు చేసిన టాస్క్ తన లోపలి ‘ఎక్సెప్ట్ ఎక్సెప్షన్’ పుణ్యమా అని రద్దు కాకుండా నడుస్తూనే ఉండేది.

ఉత్త ఎక్సెప్ట్ కనిపిస్తే ఫ్లేక్8 లాంటి లింటర్లు, అంటే కోడ్‌ను నడపకుండానే తప్పులు వెతికే సాధనాలు, ఈ722 అని హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరిక పోవడానికి పక్కన ‘ఎక్సెప్షన్’ అన్న మాట తగిలించి పని అయిపోయిందనుకోవడం మామూలైపోయింది. లింటర్ నోరు మూసుకుంటుంది, కామా మర్చిపోయిన ఫైల్ మాత్రం అలాగే ఉంటుంది.

పైథాన్ ఎక్సెప్ట్ క్లాజులను పై నుంచి కిందికి చూస్తుంది. మొదట సరిపోయినదాన్నే తీసుకుంటుంది, ఇంకా బాగా సరిపోయేది కింద ఉందేమోనని వెతకదు. వెబ్ పేజీలు తెచ్చే యూఆర్‌ఎల్‌లిబ్‌లో హెచ్‌టీటీపీఎర్రర్‌కు తల్లి యూఆర్‌ఎల్‌ఎర్రర్, దానికి తల్లి ఓఎస్‌ఎర్రర్. తల్లి క్లాస్ పేరు రాస్తే పిల్ల క్లాసులు కూడా అందులోనే పడతాయి. ఓఎస్‌ఎర్రర్ క్లాజ్ ముందు రాస్తే కింద హెచ్‌టీటీపీఎర్రర్ కోసం ఎంత జాగ్రత్తగా రాసినా ఆ కోడ్ ఎప్పటికీ నడవదు. పిల్ల క్లాస్ పైన, తల్లి క్లాస్ కింద ఉండాలి.

చిన్నగా కనిపించే పేర్ల కింద పెద్ద సంసారాలు ఉంటాయి. వాల్యూఎర్రర్‌నే తీసుకుందాం. అంకెలు కాని స్ట్రింగ్‌ను ఇంట్‌గా మార్చబోతే వచ్చేది అదేనని అందరికీ తెలుసు. యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్ కూడా దాని సంతానమే, జేసన్‌డీకోడ్‌ఎర్రర్ కూడా అంతే. ఫైల్‌లోంచి ఒక లైన్ చదివి అంకెగా మార్చే కోడ్‌ను వాల్యూఎర్రర్‌తో కాపాడితే, ఫైల్ ఎన్‌కోడింగ్ తప్పైనా ‘ఇది అంకె కాదు’ అనే సందేశమే వస్తుంది. వాడేవాళ్లు అంకెల కోసం వెతుకుతారు, గొడవేమో ఎన్‌కోడింగ్‌లో ఉంటుంది.

ఒకటికి మించి క్లాసులు పట్టుకోవాలంటే వాటిని బ్రాకెట్లలో, కామాలతో రాయాలి. దీని వెనక ఒక చిత్రమైన చరిత్ర ఉంది. పైథాన్ 2లో బ్రాకెట్లు లేకుండా ‘ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్, టైప్‌ఎర్రర్’ అని రాస్తే రెండింటినీ పట్టుకున్నట్టు కాదు. పట్టుకునేది వాల్యూఎర్రర్‌ను మాత్రమే. ఆ దొరికిన ఎక్సెప్షన్‌ను టైప్‌ఎర్రర్ అనే పేరుగల వేరియబుల్‌లో పెట్టమని దాని అర్థం. 2008లో వచ్చిన 3.0లో కామా స్థానంలో ‘యాజ్’ తెచ్చి ఈ ఉచ్చును తీసేశారు, బ్రాకెట్లు లేని కామా సింటాక్స్ ఎర్రర్ అయింది. 2025లో వచ్చిన 3.14లో అదే కామా తిరిగొచ్చింది. ఈసారి బ్రాకెట్లు లేకపోయినా నిజంగానే రెండు క్లాసులనీ పట్టుకుంటుంది, కాకపోతే ‘యాజ్’ వాడాలంటే బ్రాకెట్లు తప్పనిసరి. చదవడానికి హాయిగానే ఉంది గానీ, పాత వెర్షన్లలోనూ నడవాల్సిన కోడ్‌లో బ్రాకెట్లు ఉంచడమే క్షేమం.

ఇంగ్లిష్ వాక్యంలా అనిపించే ‘ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్ ఆర్ టైప్‌ఎర్రర్’ సంగతి ఇంకా ఘోరం. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ‘ఆర్’ మొదటి విలువ నిజమైతే దాన్నే తిరిగిస్తుంది కాబట్టి అక్కడ మిగిలేది వాల్యూఎర్రర్ ఒక్కటే. ఎక్సెప్ట్ పక్కన ఉన్నది మామూలు ఎక్స్‌ప్రెషన్ (లెక్కకడితే ఒక విలువ ఇచ్చే కోడ్ ముక్క) అని, అదీ ఎక్సెప్షన్ వచ్చినప్పుడు మాత్రమే లెక్కకట్టే ఎక్స్‌ప్రెషన్ అని గుర్తుంచుకుంటే ఇలాంటివి అర్థమవుతాయి. క్లాస్ పేరులో అక్షరం తప్పినా అంతా సవ్యంగా ఉన్న రోజుల్లో అది బయటపడదు. సరిగ్గా గొడవ వచ్చిన రోజునే నేమ్‌ఎర్రర్ రూపంలో రెండో గొడవై కూర్చుంటుంది. అందుకే ఎక్సెప్ట్ క్లాజులు నడిచేలా టెస్టులు రాయాలి. చాలా ప్రాజెక్టుల్లో ఎవరూ టెస్ట్ చేయని లైన్లు ఇవే.

క్లాస్ పేరు చాలకపోవడం అన్నది బాగా కనిపించేది ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చే ఎర్రర్ల దగ్గర. 3.3కు ముందు ఫైల్ లేకపోయినా, అనుమతి లేకపోయినా, డైరెక్టరీని ఫైల్ అనుకుని తెరిచినా ఐఓఎర్రరో ఓఎస్‌ఎర్రరో వచ్చేది. ఏది ఎప్పుడు వస్తుందో కూడా స్పష్టంగా ఉండేది కాదు. సాకెట్లకు వేరే క్లాస్, సెలెక్ట్ మాడ్యూల్‌కు ఇంకో క్లాస్. దొరికిన ఎక్సెప్షన్ లోపలి ఎర్ర్‌నో అనే నంబర్‌ను చూసి, ఈనోఎంట్ (ఫైల్ లేదు) అయితే ఒకలా, ఈయాక్సెస్ (అనుమతి లేదు) అయితే ఇంకోలా, రెండూ కాకపోతే మళ్లీ రైజ్ చేసేలా రాయాల్సి వచ్చేది. ఆ చివరి రైజ్‌ను మర్చిపోయేవాళ్లే ఎక్కువ. 2012లో వచ్చిన 3.3 ఈ క్లాసులన్నిటినీ ఓఎస్‌ఎర్రర్‌లో కలిపేసి, దాని కింద నంబర్లను బట్టి ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్, పర్మిషన్‌ఎర్రర్, ఫైల్‌ఎగ్జిస్ట్స్‌ఎర్రర్, కనెక్షన్‌రిఫ్యూజ్డ్‌ఎర్రర్, టైమ్‌ఔట్‌ఎర్రర్ లాంటి పిల్ల క్లాసులు ఏర్పాటు చేసింది. పెప్ 3151 అనే ప్రతిపాదన ఫలితం ఇది. పైథాన్ చరిత్రలో పెద్దగా చప్పుడు చేయకుండా రోజువారీ కోడ్‌ను బాగుచేసిన మార్పుల్లో దీన్ని ముందు వరసలో పెట్టవచ్చు.

అయినా అన్ని నంబర్లకూ క్లాసులు లేవు. డిస్క్ నిండిపోతే వచ్చే ఈనోఎస్‌పీసీకి ఇప్పటికీ సొంత క్లాస్ లేదు, ఉత్త ఓఎస్‌ఎర్రర్‌గానే వస్తుంది. దానికొక్కదానికే జవాబు ఉన్న కోడ్, అంటే పాత తాత్కాలిక ఫైళ్లు తీసేసి మళ్లీ ప్రయత్నించే కోడ్, ఓఎస్‌ఎర్రర్‌ను పట్టుకుని ఎర్ర్‌నో చూసి, అది కాకపోతే రైజ్ చేయాల్సిందే. హెచ్‌టీటీపీఎర్రర్ కూడా అంతే. 404 వస్తే ఆ పేజీ లేదని సమాధానం చెప్పవచ్చు, 503 వస్తే కాసేపాగి మళ్లీ అడగవచ్చు, 401 వస్తే ఎన్నిసార్లు అడిగినా ఉపయోగం లేదు. మూడింటికీ క్లాస్ ఒక్కటే, తేడా అంతా లోపలి కోడ్ అనే విలువలో ఉంది.

సీషార్ప్ భాషలో 2015 నుంచి, ఎక్సెప్ట్‌కు బదులు అక్కడ వాడే క్యాచ్ పక్కనే ‘వెన్’ అని షరతు రాసే వీలుంది. పైథాన్‌లో అలాంటిది లేదు. పట్టుకోవాలి, చూడాలి, మనది కాకపోతే వదలాలి. వదిలేటప్పుడు పక్కన ఏమీ లేకుండా ఉత్త ‘రైజ్’ అని రాయడం మంచిది. వేరియబుల్ పేరు జతచేసి రైజ్ చేస్తే పైథాన్ 3లో పాత ట్రేస్‌బ్యాక్, అంటే ఎర్రర్ ఏ లైన్ల గుండా వచ్చిందో చూపే జాబితా, పోదు గానీ, మళ్లీ రైజ్ చేసిన లైన్ కూడా అందులో చేరి చదివేవాళ్లకు చికాకు. ఇంకో సంగతి, ఒక క్లాజ్‌లో మళ్లీ రైజ్ చేసినదాన్ని అదే ట్రైకి చెందిన కింది క్లాజులు పట్టుకోవు. అది నేరుగా బయటికి పోతుంది. ‘ఇక్కడ కాకపోతే కింది ఎక్సెప్ట్ చూసుకుంటుందిలే’ అనుకుంటే పొరపాటు.

ఎక్సెప్ట్ పక్కన ఉన్నది ఎక్స్‌ప్రెషన్ కాబట్టి అక్కడ ఫంక్షన్‌ను కూడా పిలవవచ్చు. ఆ ఫంక్షన్ అప్పటి ఎక్సెప్షన్‌ను పరిశీలించి, మనది అయితే క్లాస్‌ను, కాకపోతే ఖాళీ టపుల్‌ను (ఏమీ లేని వరసను) తిరిగిస్తే సరిపోతుంది. ఖాళీ టపుల్ దేనికీ సరిపోదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నడుస్తుంది కూడా. కానీ కొత్తగా ఆ కోడ్ చదివేవాళ్లు కనీసం పావుగంట దాని ముందు కూర్చోవాల్సి వస్తుంది. ఇఫ్, రైజ్ రెండు లైన్లు రాసుకోవడమే మేలు.

ఇక ‘ఎక్కడ’ అన్న ప్రశ్న. కమాండ్ పేరు ఇస్తే దానికి తగిన ఫంక్షన్‌ను డిక్షనరీలో (ఒక్కో పేరుకు, అంటే కీకి, ఒక విలువ జతచేసి ఉంచే పట్టికలో) వెతికి నడిపే కోడ్ ఉందనుకుందాం. వెతకడం, నడపడం రెండూ ట్రై కింద ఉన్నాయి, కీఎర్రర్ వస్తే ‘అలాంటి కమాండ్ లేదు’ అని చూపిస్తుంది. క్లాస్ సరైనదే. ఎంచి మరీ పట్టుకున్నారు. కానీ నడిచిన ఫంక్షన్ లోపల, ఎక్కడో పది మెట్ల కింద, వేరే డిక్షనరీలో ఒక కీ దొరక్కపోయినా వచ్చేది అదే కీఎర్రర్. ఉన్న కమాండ్‌నే లేదంటుంది ప్రోగ్రామ్. వాడేవాళ్లు స్పెల్లింగ్ సరిచూసుకుంటూ కూర్చుంటారు. ఎక్సెప్షన్ క్లాస్ అనేది ఎంత లోతు నుంచి వచ్చినా ఒకేలా కనిపిస్తుంది. తన కోడ్‌లో పుట్టిందా, పిలిచిన కోడ్‌లో పుట్టిందా అన్న తేడా దానికి తెలియదు.

దీనికి విరుగుడు ట్రై కింద ఉన్న భాగాన్ని కుదించడం. డిక్షనరీలో వెతికే ఒక్క లైన్‌నే ట్రైలో ఉంచి, ఫంక్షన్‌ను నడిపే లైన్‌ను ఎల్స్‌లోకి మార్చాలి. ట్రైకి ఎల్స్ ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లూ అలంకారమే అనుకుంటారు. ఎక్సెప్షన్ ఏదీ రాకపోతే నడిచే ఈ ఎల్స్ భాగంలో పుట్టిన ఎక్సెప్షన్లను పైన ఉన్న ఎక్సెప్ట్ క్లాజులు పట్టుకోవు. దాని విలువంతా అక్కడే ఉంది. సరైన క్లాస్ ఎంచుకోవడం కన్నా ట్రై ఎంత పొడవుండాలో నిర్ణయించుకోవడమే కష్టం, ఎక్కువ ఫలితమిచ్చేదీ అదే. ఇరవై లైన్ల ట్రై కింద ఎంత జాగ్రత్తగా రాసిన క్లాస్ పేరైనా ఊహే.

మాడ్యూళ్లను ఇంపోర్ట్ చేసేటప్పుడు ఇదే కథ ఇంకో వేషంలో వస్తుంది. వేగంగా పనిచేసే లైబ్రరీ ఉంటే దాన్ని, లేకపోతే మామూలుదాన్ని తీసుకోవాలని ఇంపోర్ట్‌ఎర్రర్‌తో రాస్తారు. ఆ లైబ్రరీ ఇన్‌స్టాల్ అయి ఉండి, అది లోపల వాడే ఇంకేదో దొరక్కపోయినా వచ్చేది ఇంపోర్ట్‌ఎర్రరే. ప్రోగ్రామ్ మారుమాట లేకుండా నెమ్మదిగా ఉన్న దారి పడుతుంది. 3.6లో వచ్చిన మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ కొంత సాయపడుతుంది, కానీ లోపలి మాడ్యూల్ లేకపోయినా వచ్చేది అదే కదా. ఆ ఎక్సెప్షన్‌లో ‘నేమ్’ అనే విలువ ఉంటుంది, దొరకని మాడ్యూల్ పేరు అందులో ఉంటుంది. అది మనం అడిగినదేనా అని సరిచూసుకుంటే తేలిపోతుంది. భాషే ఈ తప్పు చేసిన సందర్భం కూడా ఉంది. పైథాన్ 2లో, ఒక ఆబ్జెక్ట్‌కు ఫలానా యాట్రిబ్యూట్ ఉందో లేదో చెప్పే హ్యాజ్‌యాట్ర్ ఫంక్షన్ లోపల ఏ మామూలు ఎక్సెప్షన్ వచ్చినా మింగేసి ‘లేదు’ అని చెప్పేది. 3.2 నుంచి యాట్రిబ్యూట్‌ఎర్రర్‌ను మాత్రమే పట్టుకుంటోంది.

ముందే ఇఫ్‌తో చూసుకుంటే ఈ గొడవంతా ఎందుకు అనిపించవచ్చు. డిక్షనరీకి అది సబబే, గెట్ మెథడ్ వాడితే ట్రై అక్కర్లేదు. ఫైళ్ల దగ్గర మాత్రం అది కుదరదు. ఫైల్ ఉందని చూసిన క్షణానికీ తెరిచే క్షణానికీ మధ్య ఇంకో ప్రాసెస్ దాన్ని తీసేయవచ్చు. ఎంత తనిఖీ చేసినా ఎక్సెప్షన్ రావడానికి సందు ఉంటూనే ఉంటుంది, కాబట్టి నేరుగా తెరిచి, రాకపోతే ఆ ఒక్క క్లాస్‌ను పట్టుకోవడమే సరైన దారి. లేని ఫైల్‌ను తీసేయబోతే వచ్చే ఎర్రర్ లాంటివాటిని ఏమీ చేయకుండా వదిలేయడానికి 3.4 నుంచి కాంటెక్స్ట్‌లిబ్‌లో సప్రెస్ ఉంది. అందులోనూ క్లాస్ పేరు ఇవ్వాల్సిందే.

కొన్నిసార్లు పట్టుకోవడం జవాబు ఇవ్వడానికి కాదు, పేరు మార్చి పైకి పంపడానికి. డేటా దాచే భాగం ఇవాళ ఫైళ్లు వాడుతుంది, రేపు డేటాబేస్ వాడవచ్చు. పైనున్న కోడ్ ఈ మార్పు కోసం తన ఎక్సెప్ట్‌లన్నీ తిరగరాయకూడదు. అందుకని ఆ భాగం తన సొంత ఎక్సెప్షన్ క్లాస్ ఒకటి పెట్టుకుని, లోపలి ఎర్రర్‌ను ‘రైజ్ ఫ్రమ్’తో దానికి జతచేసి పంపుతుంది. పైథాన్ 3లో ఇలా పంపితే ట్రేస్‌బ్యాక్‌లో రెండూ కనిపిస్తాయి, అసలు కారణం ఇదని మధ్యలో ఒక వాక్యం కూడా ఉంటుంది. 3.3 నుంచి ‘ఫ్రమ్ నన్’ అని రాస్తే లోపలిది కనిపించదు. లోపలి వివరం నిజంగా ఎవరికీ అక్కర్లేదని తేలినప్పుడే అది వాడాలి. చాలాసార్లు అవసరం పడేది ఆ లోపలిదే.

ఎక్సెప్ట్ లేకుండానే ఎక్సెప్షన్లు మాయమయ్యే చోటు ఒకటుంది. ట్రైలో ఏం జరిగినా చివర్లో నడిచే ఫైనల్లీ భాగంలో రిటర్న్ రాస్తే, అప్పటికే పైకి పోతున్న ఎక్సెప్షన్ ఏదైనా సరే, కీబోర్డ్‌ఇంటరప్ట్‌తో సహా, అక్కడితో అంతం. ఇన్నేళ్ల తర్వాత 3.14 దీనికి సింటాక్స్ వార్నింగ్ ఇవ్వడం మొదలుపెట్టింది.

ఒకేసారి పది పనులు నడిపినప్పుడు మూడు విఫలమైతే ఏ ఎక్సెప్షన్ రైజ్ చేయాలి? 2022లో వచ్చిన 3.11 దీనికి ఎక్సెప్షన్‌గ్రూప్‌ను తెచ్చింది, మూడింటినీ ఒక మూటగా కట్టి పంపుతుంది. దాన్ని విడదీసి పట్టుకోవడానికి ఎక్సెప్ట్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టాలి. మామూలు ఎక్సెప్ట్‌లో ఒక్క క్లాజే నడుస్తుంది, ఇక్కడ మాత్రం సరిపోయిన ప్రతి క్లాజూ నడుస్తుంది. ఒక్కో క్లాజ్ మూటలోంచి తన వాటా తీసుకుంటుంది, ఎవరూ తీసుకోనివి మళ్లీ మూటగా పైకి పోతాయి. ఒకే ట్రైలో మామూలు ఎక్సెప్ట్‌ను, నక్షత్రం ఉన్నదాన్ని కలపకూడదు, నక్షత్రం పెట్టినప్పుడు క్లాస్ పేరు వదిలేయడానికీ వీల్లేదు. మిగిలినవాటిని పైకి పంపడం మర్చిపోయే అవకాశమే లేకుండా సింటాక్స్‌లోనే కట్టేయడం దీనిలో మెచ్చుకోవాల్సిన విషయం.

అన్నిటినీ పట్టుకోవడం సరైన చోట్లు కూడా ఉన్నాయి. పదివేల రికార్డులను వరసగా ప్రాసెస్ చేసే ప్రోగ్రామ్ ఒక్క చెడ్డ రికార్డు కోసం ఆగిపోకూడదు. సర్వర్ ఒక రిక్వెస్ట్ విఫలమైతే మిగతావాళ్లకు మూతపడకూడదు. ఇలాంటి చోట ‘ఎక్సెప్ట్ ఎక్సెప్షన్’ రాసి, లాగింగ్ మాడ్యూల్‌లోని ఎక్సెప్షన్ మెథడ్‌తో పూర్తి ట్రేస్‌బ్యాక్‌ను లాగ్‌లో వేసి, ఏ రికార్డో రాసుకుని, తర్వాతిదానికి వెళ్లాలి. ఆ చోట ఇవ్వగలిగిన జవాబు ‘దీన్ని పక్కన పెట్టు, ముందుకు నడువు’ అన్నదే, అది దాదాపు అన్ని ఎక్సెప్షన్లకూ సరిపోతుంది. దాదాపు అనడానికి కారణం, మధ్యలో డేటాబేస్ సర్వర్‌తో కనెక్షన్ తెగిపోతే మిగిలిన రికార్డులన్నీ ఒక్కొక్కటిగా విఫలమై, అన్నీ చెడ్డ రికార్డులుగా లాగ్‌లోకి చేరతాయి. అందుకే ఆ లూప్‌లో కూడా ‘ఎక్సెప్ట్ ఎక్సెప్షన్’కు పైన, కనెక్షన్ తెగితే ఆ లైబ్రరీ ఇచ్చే ఎక్సెప్షన్ పేరుతో ఇంకో క్లాజ్ ఉండాలి, అందులో ఒకే ఒక్క మాట ఉండాలి: రైజ్.